సీసం ఎక్కడ పూడ్చారో చెప్పిన మా యాకూబ్ చాచా

నిన్న పొద్దున మధిర స్టేషన్‌లో ఉన్నాను. ఫోన్ మోగింది. యాకూబ్ చాచా కూతురు షబానా.

"అక్కా, అబ్బా పోయిండు."

ఏమన్నానో గుర్తు లేదు. ఎక్కాల్సిన ట్రైన్ వెళ్లిపోయింది. బెంచీ మీద అలాగే కూర్చుండిపోయాను.

పోయిన వారమే ఖమ్మంలో డయాలసిస్ బెడ్ మీద నుంచి ఫోన్ చేశారు. తన ఆరోగ్యం గురించి ఒక్క ముక్క లేదు.

"ఆ మట్టి తీయనీకి ఆఫీసోళ్లు వచ్చిండ్రా అమ్మా?"

రాలేదు చాచా. ఇవాళ్టికీ రాలేదు.

చాచాను ఎరగని వాళ్ల కోసం చెప్తున్నాను. బజార్లో బ్యాటరీ రిపేర్ షాపు ఆయనది. వయసులో ఉన్నప్పుడు ఊరి బయట ఒక యార్డులో పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే పని చేశారు. ఆ యార్డు మూతపడింది. పైన ఎర్రమట్టి పోసి, ప్లాట్లు చేసి అమ్మేశారు.

అదే మా కాలనీ. కొన్నప్పుడు ఈ సంగతి మాకెవరికీ తెలియదు.

మా పాప నాలుగేళ్లప్పుడు రోజూ కడుపునొప్పి అనేది. అన్నం ముట్టేది కాదు. నేర్చుకున్న అక్షరాలు మర్చిపోయేది. డాక్టర్ బ్లడ్ టెస్ట్ చేయించి, ఒంట్లో సీసం ఎక్కువగా ఉందన్నారు. ఎక్కడి నుంచి వస్తోందని నన్నే అడిగారు.

నాకేం తెలుసు?

షబానా ద్వారా ఈ మాట చాచాకు చేరింది. ఆ సాయంత్రమే వచ్చారు. గేటు దగ్గరే నిలబడ్డారు. రమ్మన్నా లోపలికి రాలేదు.

"అమ్మా, మీ పెరడు ఉన్నకాడనే మేం బ్యాటరీలు పగలగొట్టేది. మిగిలిన మడ్డంత గాడనే పూడ్చినం. నా చేతులతోనే పూడ్చిన."

ఆయన ముఖం మీదే తలుపు వేశాను.

మర్నాడు మళ్లీ వచ్చారు, సున్నం బకెట్‌తో. గుర్తున్న ప్రతి గుంట చుట్టూ గీత గీసుకుంటూ కాలనీ అంతా తిరిగారు. జనం పోగయ్యారు. ఒకాయన చాచా కాలర్ పట్టుకున్నాడు.

"ఇన్నేండ్లు నోరు మూసుకొని ఇప్పుడు చెప్తవా? ఇగ మా ఇండ్లు ఎవడు కొంటడు?"

చాచా విడిపించుకోలేదు.

"అవ్, అప్పుడు చెప్పకపోవుడు నా తప్పే. గది విషమని మాకూ తెల్వలే. గానీ అన్నా, కొన్నోళ్ల పిల్లలు గూడ ఈ మట్టిలనే ఆడతరు గద?"

అతను కాలర్ వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాచా షాపుకు వెళ్లడం చాలామంది మానేశారు.

ఐదారు కుటుంబాలం ఆయన వెంట నడిచాం. గీతలు గీసిన చోట మట్టి తీసి ల్యాబ్‌కి పంపాం. చాచా చెప్పిందే నిజమని రిపోర్ట్ వచ్చింది.

ఆ రిపోర్ట్ పట్టుకుని ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కామో! ఒకచోట "మా డిపార్ట్‌మెంట్ కాదు" అన్నారు. ఇంకోచోట "సర్వే చేయాలి" అన్నారు. తీరా సర్వేకి వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుని, 'పిల్లలు ఇక్కడ ఆడరాదు' అని బోర్డు పాతి వెళ్లిపోయారు.

బోర్డు కోసం తవ్విన మట్టిని కూడా అక్కడే వదిలేశారు.

దాని మీద టార్పాలిన్ పట్టా కప్పింది చాచానే.

ఇక మా తిప్పలు మేమే పడ్డాం. పెరట్లో గోంగూర పీకేశాం. పొడిగా ఊడవడం మానేసి తడిగుడ్డతో తుడుస్తున్నాం. బయటి నుంచి మంచి మట్టి తెప్పించి, గుంటల మీద మందంగా పరిచి గడ్డి నాటాం. చాచా మాతో సమానంగా గంపలు మోశారు. అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయట. ఒక్క మాట చెప్పలేదు.

ఈమధ్య పాప టెస్ట్‌లో సీసం తగ్గింది. రిపోర్ట్ చూపిస్తే ఆయన నవ్వలేదు.

"మంచిదే అమ్మా. మిగిలిన పిల్లలకు ఎప్పుడు చేపిస్తరు?"

నిన్న జనాజా కదిలేటప్పుడు కాలనీ మొత్తం వచ్చింది. కాలర్ పట్టుకున్నాయన "శానా మంచి మనిషి" అన్నాడు. ఒళ్లు మండింది. చాచా బతికుండగా మా అర్జీ మీద ఒక్క సంతకం పెట్టలేదు ఈయన.

నేనేమైనా తక్కువ తిన్నానా? తలుపు వేసినందుకు సారీ చెప్పాలని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. చెప్పలేదు.

కామెంట్లలో దండం ఎమోజీ పెట్టి ఊరుకోకండి. పిల్లలకు బ్లడ్ టెస్ట్ చేయించండి. సోమవారం అర్జీతో కలెక్టర్ ఆఫీసుకు వెళ్తున్నాం, మీరూ రండి.

ఖుదా హాఫిజ్, చాచా. అల్లా మీకు శాంతినివ్వాలి.

మాకు మాత్రం, ఆ మట్టి తీయించేదాకా వద్దు.