నాన్న పట్టుకున్న ఎడాప్టరు

నా ఫోను చార్జరు సబ్బుబిళ్ళంత కూడా ఉండదు. గోడకి గుచ్చితే బల్లిలా అతుక్కుని తన పని తాను చేసుకుంటుంది. దాన్ని చూసినప్పుడల్లా, వేడెక్కిన వార్నీషు వాసనతో సహా, ఒక క్రిస్మసు గుర్తొస్తుంది.

సత్తెనపల్లి దగ్గర మా ఊళ్ళో డిసెంబరంటే చేలల్లో పత్తితీతలు, మంచులో ఎర్రబడుతున్న మిరపకాయలు, ఇంటింటా అరిసెల పాకం వాసన, సాయంత్రాలు చర్చిలో పాటల సాధన. కీబోర్డు నేనే వాయించేదాన్ని, ఇంకెవరికీ రాదు కనక. నాకూ పెద్దగా రాదన్న సంగతి అందువల్లే బయటపడలేదు. ఆ ఏడు మొదటిసారి నన్నొక్కదాన్నే ఒక పాట వాయించమన్నారు. సరిగ్గా అప్పుడే కీబోర్డు ఎడాప్టరు కాలిపోయింది. సెల్సు వేస్తే రెండు పాటలకే నీరసించేవి.

సత్తెనపల్లిలో కొట్టతను రెండు చూపించాడు. ఒకటి అగ్గిపెట్టెకి అన్నలాంటిది, తేలిక, చవక కూడా. రెండోది ఇటుక. మిరపకాయల టిక్కీబస్తాలెత్తి పెరిగిన నాన్న రెంటినీ చెరో చేత్తో తూచి, "ఇది తాలుకాయలా ఉందండీ. బరువున్నదే ఇవ్వండి" అన్నాడు.

హైస్కూల్లో సైన్సు చెప్పే అమ్మ ఇటుకని చూసి తల పట్టుకుంది.

"మన కరెంటు సెకనుకి యాభైసార్లే ఊగుద్దండీ. ఒక్కో ఊపులో బోలెడు మొయ్యాలి, అందుకే ఇంత ఇనుమూ రాగీ. ఆ చిన్నదాన్లో ముందే సెకనుకి వేలసార్లు ఊగేట్టు చేస్తారు. నారుకి బిందెతో నిదానంగా మోసినా, చెంబుతో పరిగెత్తినా పడే నీళ్ళు అవేగా? చెంబు తేలిక, చవక."

నాన్న ఆలోచించి, "అంత పరిగెత్తితే అది ఎన్నాళ్ళు బతుకుద్దే?" అన్నాడు.

పండగరోజు చర్చి కిటకిటలాడుతోంది. నా పాట మొదటి చరణంలోనే కీబోర్డు మూగబోయింది. ఇటుక తన బరువుకి తానే సాకెట్లోంచి జారి వేలాడుతోంది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ జారింది. నాకు చెవులు కాలిపోతున్నాయి.

"ఏమ్మా, కరెంటు పోయిందా?" అని వెనకనుంచి ఒక ముసలాయన.

"కరెంటుందండీ, బరువెక్కువైంది" అంది అమ్మ, ఆడవాళ్ళ వరసలోంచి.

నాన్న కొత్త తెల్లచొక్కాతో లేచి, ఎడాప్టరుని సాకెట్లో పెట్టి, అరచేత్తో గోడకి అదిమిపట్టి నిలబడ్డాడు. "వాయించమ్మా" అన్నాడు. మొదటినుంచి వాయించాను, చివరిదాకా. అది వేడెక్కి వార్నీషు వాసనేసినప్పుడు చెయ్యి మార్చాడు గానీ, ఆరాధన చివరి ఆశీర్వాదం అయ్యేదాకా కదల్లేదు. చూసేవాళ్ళకి చర్చి గోడ పడిపోకుండా కాస్తున్నట్టే ఉన్నాడు.

ఇప్పుడా చర్చిలో, వాయించడం నిజంగా వచ్చినవాళ్ళే వాయిస్తున్నారు. ఆ ఇటుకలు కొట్లలో కనబడటంలేదు. నాన్నా లేడు. చార్జర్లని ఎవరూ పట్టుకోనక్కర్లేదు. అయినా గోడకి గుచ్చాక, కాసేపు చెయ్యి తియ్యబుద్ధి కాదు.