చంటిగాడొక్కడికే ఆపబోతే

"బాబాయ్! నెట్టు పోయింది! అన్నింట్లోనూ పోయింది!"

మేరీ కేక వీధి చివర టీ కొట్టు దాకా వినపడింది. గ్లాసు సగంలో వదిలేసి పరిగెత్తాను. నిన్న మా రేపల్లెలో నా పరువు ఎలా పోయిందో వినండి. నవ్వితే నవ్వారు గానీ!

మేరీది పెనుమూడి. నర్సింగ్ చదివింది. బాపట్లలో ఓ ఆసుపత్రి వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. "చేరతాను" అని మధ్యాహ్నం లోపు మెయిల్ కొట్టకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. పాపం, పొద్దున్నే నా నెట్ సెంటర్‌కి వచ్చి కూర్చుంది.

చూస్తే ఒక్క మిషన్లోనూ పేజీ రావట్లేదు. సెట్టింగులు తెరిస్తే, నెట్టును వేరే దారిలో పంపే ప్రాక్సీ దగ్గర టిక్కు. తీసేశాను. మేరీ మెయిల్ తెరిచేలోపు ఆ టిక్కు మళ్ళీ వచ్చి కూర్చుంది! నేను తీయడం, అది రావడం! వైరస్సన్నాను. కాదు, టెలిఫోన్ లైనన్నాను. లైన్‌మన్ యేసోబును పిలిచి, "ఏం లైనయ్యా నీది!" అని నలుగురిలో కేకలేశాను. అతను స్తంభం ఎక్కి దిగి, చెమట తుడుచుకుంటూ, "లైను బానే ఉందండి" అన్నాడు. నమ్మితేగా!

తెనాలిలో మా బావమరిది ప్రసాదుకి ఫోన్ కొట్టాను. ఈ కంప్యూటర్లన్నీ బిగించింది వాడే.

"బావా, సర్వర్లో ఏమన్నా కెలికావా?"

"నేనెందుకు కెలుకుతానురా!"

పాపం, పని మానుకుని బస్సెక్కి వచ్చాడు. సర్వర్ ముందు కూర్చుని కాసేపు చూసి, నావైపు తిరిగాడు.

"ఇక్కడ ప్రాక్సీ నంబరు ఎవరు మార్చారు బావా?"

సెంటర్ వెనకే మా వంటిల్లు. అక్కణ్ణుంచి మా ఆవిడ అందుకుంది.

"ఇంకెవరు, మీ బావే! చాటింగ్‌లో కూర్చుని లేవని మీ మేనల్లుడు చంటిగాడికి నెట్టు ఆపేస్తానని, పొద్దున ఏదో తప్పుడు నంబరు కొట్టి మీసం మెలేశారు!"

ప్రసాదు తల పట్టుకున్నాడు. "సర్వర్లో పెడితే ఒక్క చంటిగాడికా బావా? అన్ని మిషన్లూ దీన్ని చూసే నడుస్తాయి. నువ్వక్కడ ఎన్నిసార్లు తీసినా ఇది మళ్ళీ పెడుతూనే ఉంటుంది!"

మేరీ నావైపు చూసిన చూపుందే, దానికంటే నాలుగు తిట్టినా బాగుండేది.

ప్రసాదు సరిచేశాడు. మేరీ మెయిల్ కొట్టింది. జవాబొచ్చేదాకా ఎవరమూ కదల్లేదు. వచ్చింది! సోమవారం వచ్చి చేరమన్నారు!

అంతసేపూ గుమ్మంలోనే ఉన్న యేసోబు చెయ్యి పట్టుకున్నాను. "తప్పయిపోయిందయ్యా, భోంచేసి వెళ్ళాలి."

అందరం విస్తళ్ళ ముందు కూర్చున్నాం. మా ఆవిడ గోంగూర వడ్డిస్తూ నా దగ్గరకొచ్చి ఆగింది. "మీకు మాత్రం లేదు!"

యేసోబు కంగారుగా చెయ్యెత్తాడు.

"వేసేయండమ్మగారూ! ఆయనొక్కరికే ఆపితే మనందరికీ ఆగిపోద్ది!"