ఊట లెక్క

కట్ట మీద నడవడానికి వచ్చేవాళ్ళకి చెరువు కనిపిస్తుంది. కట్ట కనిపించదు. పడవలు, బాతులు, ఎదుటి ఒడ్డున బెంచీలు చూసుకుని, నాలుగు ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. తాము నిలబడింది నాలుగు నిలువుల మట్టి అనీ, నీళ్ళు దాన్ని రాత్రీ పగలూ భుజం పెట్టి నెడుతూనే ఉంటాయనీ ఎవరికీ గుర్తుండదు. గుర్తుపెట్టుకునే పని ఒక మనిషికి అప్పజెప్పారు. ఆయన్ని అందరూ కట్టాయన అనేవారు. అసలు పేరు ఉత్తరాల మీద మాత్రమే కనిపించేది. ఈమధ్య ఉత్తరాలూ రావడం మానేశాయి.

ఆయన ఏ చదువూ చదివి ఈ పనికి రాలేదు. జారిపోయిన రాళ్ళు మళ్ళీ పేర్చడానికి మేస్త్రీ వెంట వచ్చి, మేస్త్రీ వెళ్ళిపోయినా ఉండిపోయాడు. చేస్తూ చేస్తూ నేర్చుకున్నాడు. ఎలుక బొరియలో దోసెడు మట్టి పోసి కాలితో తొక్కితే పని అయినట్టు కాదు. పలచగా పొర పొయ్యాలి, తడపాలి, దిమ్మిసతో కొట్టాలి, మళ్ళీ పొర పొయ్యాలి. కట్ట మీద మొలిచిన మొక్కని మొలకగానే పీకెయ్యాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేకూడదని ఆయన సిద్ధాంతం. నెలకోసారి నీళ్ళు వదిలే తూము మరకి గ్రీజు, వానొచ్చిన మర్నాడు ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే అలుగు దగ్గర చెత్త. ఇవన్నీ ఒక ఎత్తు, సోమవారం కొలత ఒక ఎత్తు.

మట్టికట్ట అన్నాక కొంచెం నీరు ఊరుతుంది. ఊరకపోతేనే అనుమానించాలి. ఆ ఊటంతా కట్ట అడుగున ఒక గొట్టంలోకి చేరి బయటికొస్తుంది. గొట్టం కింద బకెట్ పెట్టి, అది నిండడానికి ఎంతసేపు పట్టిందో చూసి పుస్తకంలో రాయాలి. ఎప్పటిలాగే పడితే కట్ట క్షేమం. త్వరగా నిండితే లోపల నీళ్ళు ఎక్కడో దారి చేసుకుంటున్నాయన్నమాట. కట్ట దిగువన నాలుగు వీధుల ఇళ్ళున్నాయి, ఒక చిన్న బడి ఉంది.

ఇరవై ఏళ్ళు ఆ కొలత ఇద్దరు మనుషుల పని. ఆయన బకెట్ పట్టుకునేవాడు. భార్య పక్కనున్న బల్లపరుపు రాయి మీద కూర్చుని, చేతి గడియారంలో సెకన్ల ఎర్రముల్లు చూసేది.

"నువ్వు బకెట్ సంగతి చూసుకో, టైము సంగతి నాకొదిలెయ్," అనేది. నీళ్ళు అంచుకి తగిలి ఆయన తలూపగానే "అరవై" అనేది. ఎప్పుడో ఒకసారి యాభై తొమ్మిది, ఒకసారి అరవై ఒకటి. వానాకాలమైతే రెండు అటూ ఇటూ.

ఆమె పోయి మూడేళ్ళయింది. ఆ గడియారం చప్పుడు గదిలో ఒక్కటే వినపడుతుంటే ఉండలేక, దాన్ని ఆమె చెల్లెలికి ఇచ్చేశాడు. ఇరవై ఏళ్ళు విన్న అరవైకి గడియారమెందుకని, అప్పట్నుంచి నోటితోనే లెక్కపెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. పుస్తకంలో అరవైలు వరసగా, దారం పట్టి రాసినట్టు నిలబడ్డాయి.

కట్ట కింద గదీ, వంటకి కాస్త చోటూ ఆయన కాపురం. మంచానికి ఒక వైపే పడుకునేవాడు. రెండో వైపు పాత పుస్తకాలు, టార్చిలైటు, విప్పిన బోల్టులు పేరుకున్నాయి. సోమవారం చెరువు సంఘం కార్యదర్శిగారికి పుస్తకం చూపించాక మళ్ళీ సోమవారం దాకా కట్టాయనతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. గొంతు తుప్పుపట్టిందేమోనని గ్రీజు పూస్తూ తూముతో మాట్లాడి చూసుకునేవాడు. తూము ఎదురు చెప్పదు గనుక స్నేహం సాగింది.

ఆ ఏడు చెరువు సంఘం వాళ్ళు పడవ పందేలు పెట్టాలనుకున్నారు. నీళ్ళు ఇంకో అడుగు పెరిగితే ఆ చివర కూడా పడవలు తిరుగుతాయి. అలుగు మీద చెక్కలు బిగిస్తే ఆ అడుగు నిలబడుతుంది. కార్యదర్శి ముందు ఊట పుస్తకం అడిగి తెప్పించుకున్నాడు.

"మూడేళ్ళ అంకెలు చూశాను పెద్దాయనా. రాయిలా ఉంది మీ కట్ట. మీ పుస్తకముంటే ఇంజనీరుతో పనేముంది?" అన్నాడు. సోమవారం మధ్యాహ్నం చెక్కలు బిగించాలని నిర్ణయమైంది. కట్టాయనకి ఆ మాట రెండు రోజులు తీపిగా ఉంది.

ఆదివారం మరదలు వచ్చింది. ఏడాదికోసారి వచ్చి, రెండు రోజులుండి, ఇల్లంతా తిట్టుకుంటూ సర్ది వెళ్ళేది. సోమవారం పొద్దున్న ఆయన బకెట్ తీసుకుంటుంటే తనూ వెంట బయల్దేరింది. అడక్కుండానే వెళ్ళి ఆ రాయి మీద కూర్చుంది. ఆయన అటు చూడలేదు.

"అక్క గడియారం తెచ్చాను, టైము చూడమంటావా?"

"అక్కర్లేదు. నా నోట్లో ఉంది గడియారం."

"ఉంటే ఉండనీ. నేనూరికే చూస్తాను."

బకెట్ పెట్టాడు. ఒకటి నుంచి పైకి వినపడేలా లెక్కపెట్టాడు. సరిగ్గా అరవై దగ్గర నీళ్ళు అంచు దాటాయి.

"అరవై," అన్నాడు.

"నలభై రెండు బావా," అంది మరదలు.

"నీ గడియారానికి ముసలితనం వచ్చింది."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఇంకోసారి పెట్టు."

ఇంకోసారి పెట్టాడు. ఈసారి ఆమె ఫోను కూడా తీసి పక్కన పెట్టుకుంది. ఆయన అరవై అన్నాడు. గడియారం నలభై ఒకటంది. ఫోనూ నలభై ఒకటే అంది.

"బావా, అటు తిరుగు. నీళ్ళు చూడకుండా లెక్కపెట్టు."

నీళ్ళకి వీపు పెట్టి, గడ్డి వైపు చూస్తూ లెక్కపెట్టాడు. ఆయన అరవై అన్నప్పుడు గడియారంలో యాభై ఎనిమిది.

"చూశావా? నీ లెక్క బాగానే ఉంది. నీళ్ళు కనిపిస్తేనే పరిగెడుతున్నావు. బకెట్ ఎప్పుడు నిండితే అప్పటికి అరవై చేరుకుంటున్నావు," అంది.

ఆయన బకెట్ ఒంపేసి పక్కన పెట్టాడు. ఏనాడూ అబద్ధం రాయాలనుకోలేదు. నీళ్ళు అంచుకి వచ్చేసరికి చెవిలో అరవై వినపడాలి, అంతే. వినపడితే ఆ రాయి మీద మనిషి ఇంకా ఉన్నట్టు ఉండేది.

కట్ట అడుగునంతా వంగి వంగి నడిచాడు. గొట్టానికి పాతిక అడుగుల అవతల గడ్డి మిగతా చోట కంటే పచ్చగా ఉంది. చెయ్యి పెడితే చల్లగా తడి. ఆ తడి మధ్య చీమలు పోసినట్టు చిన్న ఇసక కుప్ప. నీళ్ళు ఒట్టి నీళ్ళుగా రావడం వేరు, కట్టలోని మట్టిని మోసుకుని రావడం వేరు. ఇసకని వేళ్ళ మధ్య నలిపి చూసి లేచాడు.

"ఇప్పుడేం చేస్తావు?" అంది మరదలు.

"పుస్తకం పట్టుకెళ్ళాలి."

"ఉద్యోగం ఉంచుతారా?"

"చెక్కలు బిగించకుండా ఉంటే చాలు."

అప్పటికే కార్యదర్శి అలుగు దగ్గర వడ్రంగితో మాట్లాడుతున్నాడు. పడవలు ఒడ్డున వరసగా బోర్లించి ఉన్నాయి. కట్టాయన పుస్తకం తెరిచి, మూడేళ్ళ పేజీల్లో ఒక్కొక్క దాని మీదా ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టాడు.

"ఏం చేస్తున్నారు పెద్దాయనా?"

"ఈ అంకెలు నమ్మకండి సార్. గడియారం లేకుండా రాశాను. ఊట పెరిగింది, ఎప్పట్నుంచో తెలీదు. కట్ట అడుగున మట్టి కూడా వస్తోంది."

"రేపో ఎల్లుండో పందేలకి జనం వస్తారు. అరవై అని రాసింది మీరేగా?"

"నేనే. అందుకే నేనే వచ్చాను."

"కమిటీని అడుగుదాం. సాయంత్రం మీటింగు పెడతాను."

కట్టాయన పుస్తకం మొదటి పేజీ తిప్పి చూపించాడు. సంఘం వాళ్ళు ఎప్పుడో టైపు చేయించి అంటించిన కాగితం. కట్టలోంచి మట్టి వస్తున్నట్టు కనిపిస్తే కాపలాదారు ముందు తూము తెరవాలి, తర్వాత అడగాలి అని ఉంది అందులో.

"మీరు అడుగుతూ ఉండండి. నేను తెరుస్తూ ఉంటాను," అన్నాడు.

కార్యదర్శి చెడ్డవాడు కాదు. కట్ట దిగి, ఇసక కుప్ప చూసి, వెంటనే ఇంజనీరుకి ఫోను చేశాడు. వడ్రంగి చెక్కలు మళ్ళీ బండిలో వేసుకున్నాడు. కట్టాయన తూము చక్రం తిప్పుతుంటే మర ఎక్కడా కిర్రుమనలేదు. నెలనెలా పూసిన గ్రీజు అది.

నీళ్ళు ఒకేసారి దించితే కట్టకి నీటివైపు మట్టి జారుతుందని, చెరువుని రోజుకింత చొప్పున తొమ్మిది రోజులు దించారు. పడవలు బురదలో కూర్చున్నాయి. నడవడానికి వచ్చేవాళ్ళు ముక్కు మూసుకుని, "ఏం తాతా, చెరువంతా ఒక్కడివే తాగేశావా?" అనేవారు. "మీకు కూడా పొయ్యాలనుకున్నాను, గ్లాసు తెచ్చుకోలేదు మీరు," అనేవాడు.

ఇంజనీరు తవ్వించిన చోట చెయ్యి దూరేంత బొక్క బయటపడింది. ఎప్పుడో అందానికి నాటి, తర్వాత కొట్టేసిన చెట్టు వేరు లోపల కుళ్ళి, గొట్టంలా మిగిలింది. ఇంకో అడుగు నీళ్ళు నిలబెట్టి ఉంటే ఏమయ్యేదని కార్యదర్శి అడిగాడు. ఇంజనీరు దిగువనున్న ఇళ్ళ వైపు వేలు చూపించి, టోపీ పెట్టుకున్నాడు.

బొక్కని పొరపొరగా మట్టితో పూడ్చి దిమ్మిస కొట్టాక, చెరువు మళ్ళీ నిండింది. కట్టాయనని తీసెయ్యలేదు. కానీ పుస్తకం మార్చారు. కొత్త పుస్తకంలో ప్రతి కొలతకీ రెండు సంతకాలు. ఒకటి కొలిచినవారు, రెండోది చూసినవారు. తప్పుపట్టడానికేమీ లేదు, పని అలాగే ఉండాలి. ఇరవై ఏళ్ళు అలాగే ఉంది కూడా. సోమవారం పొద్దున్నే కట్ట కిందికి దిగి చూసేవారెవరన్నదే రాయలేదు. మొదటి వారం ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. కార్యదర్శి వేలు పెట్టి చూపించి, "ఇది నింపాలి పెద్దాయనా," అన్నాడు.

రెండో సోమవారం ఆయన ఫోను తెచ్చి బల్లపరుపు రాయి మీద పెట్టాడు. అవతల మరదలి వంటింట్లో గిన్నెల చప్పుడు.

"గడియారం పెట్టుకున్నావా?"

"చేతికే ఉంది. కానీ బావా, పొయ్యి మీద పాలున్నాయి."

"పెడుతున్నా. ఇదిగో." బకెట్ పెట్టి, నీళ్ళకి వీపు తిప్పుకోకుండా, నోరు మూసుకుని చూశాడు. లెక్కపెట్టకుండా ఉండడం చాలా కష్టమైంది. అంచు తడవగానే, "నిండింది," అన్నాడు.

"డెబ్భై ఒకటి."

అరవై కాదు. ఊట తగ్గింది, కట్టకి అది మంచి అంకె. "అలాగే," అన్నాడు.

"పాలు పొంగుతున్నాయి, ఉంటాను," అని ఆమె పెట్టేసింది.

ఆయన మోకాలి మీద పుస్తకం పెట్టుకుని డెబ్భై ఒకటి రాసి, కింద సంతకం చేశాడు. రెండో గడిలో పొందికైన అక్షరాలతో రాశాడు: మరదలు, ఫోనులో. సిరా ఆరేదాకా రాయి పక్కనే నిలబడ్డాడు. తర్వాత బకెట్ బోర్లించి గడ్డి కొయ్యడానికి కట్ట ఎక్కాడు.