గట్టు అవతలి మామ

"మామ పోయినాడన్నా, తొందరగా రా," అని పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు. నంద్యాలలో నా విత్తనాల దుకాణం అప్పుడే తెరుస్తున్నాను. మళ్ళీ తాళం వేసి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. ఆయన మాకు చుట్టం కాదు. మా శనగచేనికి ఆనుకున్న చేను ఆయనది. నా చిన్నప్పుడు మధ్య గట్టు కోసం ఆయనా మా నాయనా గొడ్డళ్ళు కూడా ఎత్తారు.

ఆ ఏడే ఊళ్ళో నాటకం ఆడారు. యుద్ధంలో ఓడి మిగిలిన ముగ్గురు యోధులు రాత్రిపూట శత్రువుల శిబిరంలో దూరి, నిద్రపోతున్నవాళ్ళను నరికే కథ. తండ్రిని చంపారన్న పగతో ముందు నడిచే గురుపుత్రుడి వేషం మామది. నిద్రలోనే చచ్చిపోయే ఐదుగురు పిల్లల్లో ఒకడిగా మా బడి అయ్యవారు నన్ను ఎంచాడు.

"వాడు కత్తి పట్టుకోని బిడ్డ మీదికొస్తాంటే నేను చూళ్ళేను," అని అమ్మ ఏడ్చింది.

"రేకు కత్తే కదా. ఊరంతా ఉంటాది," అన్నాడు నాయన. అన్నాడే గానీ, ఆ రాత్రి స్టేజీకి ఒక్క గెంతు దూరంలో కూర్చున్నాడు.

ఆ ఘట్టం వచ్చేసరికి కోడి కూసే వేళయింది. కత్తి పడగానే మేం కేకలు పెట్టాలి. నలుగురు పెట్టారు. నేను నిజంగానే నిద్రపోయాను. తర్వాతిదంతా అందరూ చెప్పగా విన్నదే. మామ నా మీద ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండిపోయాడట. తెర వెనక నుంచి అయ్యవారు "నరుకప్పా, నరుకు!" అని ఒకటే అరుపు. జనం నవ్వారట. నాయన మాత్రం లేచి నిలబడ్డాడట. మామ కత్తి కింద పెట్టి, నా మీద జారిన దుప్పటి సర్ది, పద్యం కూడా పాడకుండా లోపలికి పోయాడట.

మళ్ళీ ఆ వేషం కట్టలేదు. వద్దు వద్దంటూనే ఆ గురుపుత్రుడి వెంటపోయే మేనమామ వేషానికి మారాడు. ఎందుకని అడిగితే, "ఆ ముగ్గుర్లో నిద్ర పట్టనోడు వాడొక్కడేరా. నిద్ర పట్టనోని చేతికి కత్తి ఇయ్యగూడదు," అనేవాడు. తర్వాతి ఏళ్ళలో మా ఇంటికి వచ్చినప్పుడు నాయన కునుకు తీస్తుంటే లేపనిచ్చేవాడు కాదు. అరుగు మీద బీడీ కాలుస్తూ గంటైనా కూర్చునేవాడు. ఒక్కోసారి తనే గుర్రు పెట్టేవాడు. అప్పుడు ఆయన్ని ఎవరూ లేపకుండా కాచుకోవడం నాయన వంతు. ఆ గట్టు దగ్గర వీళ్ళిద్దరిలో ఎవరో ఒకరు పోవాల్సింది. మా నాయన ముసలితనం చూశాడంటే అది మామ చలవే.

నాటకం తెల్లారి ఆయన మొహాన రంగు కూడా కడుక్కోకుండా మా గడప ముందుకొచ్చాడు. ఇది నేను కళ్ళారా చూశాను. నాయన గొడ్డలి ఉన్న మూలకు జరిగాడు.

"నీ కొడుకు నా ముందర నిద్రపోయినాడప్పా," అన్నాడు మామ. "నేను కత్తి ఎత్తుకోని నిలబడితే గూడా నిద్రపోయినాడు. పా, గట్టు యాడ కావాలంటే ఆడ పెట్టుకో. నేనేమనను."

నాయన గొడ్డలి మూల నుంచి ఇవతలికి వచ్చాడు. తర్వాత పార భుజానేసుకుని బయలుదేరాడు. వాళ్ళ వెనకే నేనూ పోయాను. చేలో నాయన తాడు ఒక కొస పట్టుకుని, పాత గట్టుకు జానెడు ఇవతల, మా నేలలోనే మేకు దిగ్గొట్టాడు. రెండో కొస పట్టుకుని, కిరీటం తీసిన జుట్టు చెదిరి, ఎర్రరంగు చెమటతో మెడ దాకా కారుతుంటే, మామ ఎండలో నిలబడి ఉన్నాడు.