రుద్రమ్మ గేటు

అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పకుండా రుద్రమ్మ గేటు దాటినవాడు అమీర్‌పేటలో ఇంకా పుట్టలేదు.

పంజాగుట్ట వైపు వెళ్లే గల్లీలో మూడంతస్తుల ఇల్లు ఆమెది. కింది వాటాలో పదకొండేళ్లుగా నేను కిరాయికున్నాను. కాన్వెంటులో సిస్టర్లు నన్ను పదేళ్లు అడిగిన ప్రశ్నలన్నీ కలిపినా ఆమె ఒక్క పూట ప్రశ్నలకు సరిరావు. గేటుకు గొలుసు, గొలుసుకు తాళం, తాళం వెనక కుర్చీలో రుద్రమ్మ. జనాభా లెక్కలకు వచ్చినావిడ తన ఇంటి లెక్కలు చెప్పి వెళ్లిపోయింది. కొరియర్ అతనొకడు జవాబులు చెప్పి చెప్పి, గేటు తెరుచుకునేసరికి రిటైరయ్యాడు. మనవల మీద ఒట్టు.

పై గదిలో మూడేళ్లుగా అభిలాష్, మహిపాల్ ఉంటున్నారు. అభిలాష్ బేగంపేటలో ఒక హోటల్లో వంట చేస్తాడు, మహిపాల్ ఇక్కడే కోచింగ్ సెంటర్లో పాఠాలు చెబుతాడు. ఇద్దరూ జంట. ఆ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఎన్నికలు వచ్చేదాకా అనాల్సిన పనీ పడలేదు.

ఆ ఎన్నికల్లో నిలబడ్డ ఒకాయనకు రోడ్ల గురించీ నీళ్ల గురించీ చెప్పడానికి ఏమీ దొరకలేదేమో, జంటగా ఉండే మగవాళ్లకు ఇళ్లు కిరాయికివ్వొద్దని కరపత్రం వేశాడు. గల్లీలో ఇళ్ల తలుపుల కింద నుంచి లోపలికి తోశారు. అప్పటి నుంచి వాళ్లిద్దరూ మెట్రో దిగి కలిసి రావడం మానేశారు. ఒకరు వచ్చిన పది నిమిషాలకు మరొకరు. పక్క గల్లీలో ఎవరి సామానో రోడ్డు మీద పడేశారని విన్నాక నాకు అన్నం సహించలేదు.

ఫలితాలొచ్చాయి. కరపత్రం ఆయన చిత్తుగా ఓడిపోయాడు. పరుగున పోయి చెప్పాను.

"ఇక భయం లేదు రుద్రమ్మా. గొలుసు తీసెయ్!"

"ఓడినోడు ఇంటికి పోయిండు, అన్నా. వాడన్న మాట ఎవరెవరి ఇంట్లకు పోయిందో నీకెరుకనా?"

నాకు తెలియదు. ఆదివారం పొద్దున తెలిసింది.

ఆరుగురు వచ్చారు. ముందు ఓడిన పార్టీ కార్యకర్త సారయ్య. అతని భుజం మీద చెయ్యేసి గెలిచిన పార్టీ విజయేందర్. ప్రచారంలో కాలర్లు పట్టుకున్నవాళ్లే. ఇప్పుడు ఇద్దరి చేతుల్లోనూ అదే కరపత్రం. నేను ధైర్యంగా నీళ్ల మోటారు వెనక నిలబడ్డాను.

"ఎవరది?"

"నేనే చిన్నమ్మా, విజయేందర్‌ను. దినాం చూస్తవ్ గదా!"

"ఎందుకొచ్చినవ్?"

"మీదున్న పోరగాండ్లను ఖాళీ చేయించు. జర గేటు తియ్."

"చేతుల గదేంది?"

"సారయ్యన్నోళ్ల కాగితం."

"వాళ్లను ఓడగొట్టింది మీరేనాయె. వాళ్ల కాగితం నీకెట్ల ముద్దొచ్చింది?"

విజయేందర్ సారయ్య వైపు చూశాడు. సారయ్య కరపత్రం వైపు చూశాడు. వెనక నుంచి ఒకడు ముందుకొచ్చి గేటు పట్టుకుని ఊపాడు. గొలుసు గలగలలాడింది. నా పళ్లు కూడా.

"ఊపేటోడా, నువ్వెక్కడుంటవ్?"

"ఎర్రమంజిల్ల. కిరాయికి."

"నీ అర్రల ఎవరెట్ల పండుకుంటున్రని మీ ఓనర్ అడుగుతడా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఊపినవాడు చెయ్యి తీసేశాడు.

గంటన్నర సాగింది. ఒక్కొక్కరి పేరు, ఇల్లు, ఇంట్లో చెప్పి వచ్చాడా లేదా. ఎండ ముదిరింది. జవాబులు అయిపోయినవాళ్లు అయిపోయినట్టు జారుకున్నారు. "మళ్లొస్తం" అని చివరికి విజయేందరూ వెళ్లాడు.

వెనక్కి తిరిగితే మెట్ల మీద వాళ్లిద్దరూ, మధ్యలో సర్దిన సూట్‌కేసు.

"మా వల్ల నీకెందుకు లొల్లి ఆంటీ? పోతం," అన్నాడు అభిలాష్.

రుద్రమ్మ కుర్చీలో కూలబడింది. "మీరు పోతే, మూడేండ్ల సంది నేను గీడ ఎందుకు కూసున్నట్టురా?"

అప్పుడు వెలిగింది నాకు. వాళ్లు రాకముందు ఆ గేటుకు గొలుసే లేదు!

"ఊరందరినీ అడిగినవ్, మమ్మల్ని మాత్రం ఒక్క ప్రశ్న అడగలే," అన్నాడు మహిపాల్.

"అడగకేం? బుధవారం నీళ్లు రావు, సర్దుకుంటరా అని అడిగిన."

సూట్‌కేసు పైకి వెళ్లిపోయింది.

"మళ్లీ వస్తారంటావా?" అన్నాను.

"వస్తరు." తాళంచెవి నా చేతిలో పెట్టింది. "రేపటి సంది పొద్దటి పూట నువ్వు కూసో."

"నాకు భయం రుద్రమ్మా!"

"నాకు లేదా? భయమైతది గనకనే గిన్ని అడుగుతున్న."

ఇప్పుడు పది గంటల దాకా గేటు దగ్గర నేనే. నిన్న పాలాయనను నలభై ప్రశ్నలు అడిగాను. గేటు తీసేసరికి పాలు పెరుగయ్యాయి.