మైలుతుత్తంలో మైల లేదు

సారు పోయారని మంగళవారం పొద్దున ఫోను వచ్చింది. అప్పుడు నేను ఆదోని పత్తి యార్డులో సంచి మూతి కుడుతున్నాను. సరేనని ఫోను పెట్టేసి ఆ సంచి పూర్తిగా కుట్టాను. ఇంకొకటి కూడా కుట్టాను. మూడోదానికి దబ్బనం కనిపించలేదు. చాలాసేపు వెతికాను. అది నా చేతిలోనే ఉంది.

నన్నెరిగినవాళ్లకు నా గొంతు తెలుసు. ఆదివారం సాయంత్రం ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర మైకు లేకుండా సువార్త ప్రసంగిస్తే వెనక వీధి దాకా వినిపిస్తుంది. అట్లాంటివాడి నోట ఇన్ని రోజులుగా ఒక్క ప్రార్థన రావడం లేదు. దుఃఖమని కూడా అనలేను.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం మైలుతుత్తం మీద ప్రసంగించాను. ఎరువుల అంగట్లో దొరికే నీలి పలుకులు, చెట్ల తెగులుకు సున్నంతో కలిపి కొడతారే, అదే. ఇనుప గరిటెలో వేసి మంట మీద పెట్టాను. నీలం పోయి తెల్లటి పొడి మిగిలింది. పేరులోనే మైల ఉంది, అగ్ని తగిలేసరికి మైల వదిలింది అని కేక వేశాను. పాపాలు మంచులా తెల్లబడతాయన్న వాక్యం చదివాను. ఆ సాయంత్రమే మగ్గం నేసే ఒకాయన ముందుకొచ్చి, ఇక తాగనని మోకరించాడు.

జనం వెళ్లాక ఒక పెద్దమనిషి వచ్చి గరిటెలోకి తొంగిచూశారు. అది అప్పటికే చల్లారింది. తన సీసాలోంచి రెండు చుక్కల నీళ్లు వేశారు. సుయ్‌మని పొడి మళ్లీ నీలమైంది.

"మైల కాదప్పా, మయిలు. అరవంలో నెమలి. ఆ రంగును బట్టి వచ్చిన పేరు," అన్నారు. "ఇది రాగి ఉప్పు. మంటకు పోయింది మైల కాదు, లోపలి నీళ్లు. ఇది శుద్ధి కాలేదు, దప్పిగొని ఉండాది."

ఆయనే మళ్లీ అన్నారు. "దేవుని సంగతి నువ్వు సెప్పు, నేను అడ్డం రాను. రాగి సంగతి మాత్రం అబద్ధం సెప్పొద్దు."

ఆయనే సారు. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన లెక్చరరు. నేను ఏడో తరగతితో బడి మానినవాణ్ణి. అయినా ఆ వారం నుంచి ఆయన వరండాలో నాకు పాఠం మొదలైంది. రాగి పరమాణువు ఒంటరిగా ఉండలేదనీ, చుట్టూ కొందరిని చేర్చుకుంటుందనీ చెప్పేవారు. పుస్తకంలో ఏ పేరున్నా ఆయన మాత్రం వాళ్లను చుట్టాలనే అనేవారు. చుట్టూ ఉంటారు కాబట్టి చుట్టాలట. నీలిరంగు రాగి ఒక్కదానిదీ కాదు, నీళ్లు చుట్టుకున్న రాగిది. ఆ నీలి నీళ్లలో అమోనియా పోస్తే రంగు ఇంకా చిక్కబడేది. గట్టి చుట్టం వస్తే మెత్తని చుట్టం లేచి చోటివ్వాలి, పెండ్లి పంక్తిలో చూడలేదా అని నవ్వేవారు.

శనివారం రాగిచెంబు ఆయనే తోమేవారు, చింతపండుతో. చింతపులుపు చిలుములోని రాగిని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోతుందనేవారు. ఆ చెంబులో ఎవరైనా మజ్జిగ పోస్తే మాత్రం, ఆ పులుపుకూ రాగి కరిగి కడుపులోకి పోతుందని, ఊరుకునేవారు కాదు.

ఒక రోజు అడిగాను, నేను మీకు ఏమవుతాను సార్ అని. ఆయన కులం వేరు, దేవుడు వేరు. సారు నేలమీద సుద్దతో గీశారు. "రాగి సుట్టూ ఆరుగురప్పా. నలుగురు దగ్గర, ఇద్దరు రవ్వంత ఎడం. ఎడంగా ఉంటే సుట్టం కాకుండా పోతాడా?"

ఆ ప్రసంగాన్ని అదే జనం ముందు సరిదిద్దుతానని సారుకు మాట ఇచ్చాను. పోయినప్పుడల్లా అడిగేవారు, సెప్పినావా అని. వచ్చే వారం అనేవాణ్ణి. సిగ్గు కొంత. ఆ తెల్లపొడి అబద్ధమని తెలిస్తే మగ్గం ఆయన మళ్లీ సీసా పట్టుకుంటాడేమోనన్న భయం ఎక్కువ. పోయిన నెల సారు మంచం మీద నుంచి అడిగారు, సెప్పినావా అని. సెప్పినాను సార్ అన్నాను. ఆయన కండ్లు మూసుకుని తల ఊపారు. యేసు ఎవరో ఎరగనని పేతురు మూడుసార్లు బొంకినాక కోడి కూసింది. నాకు ఏ కోడీ కూయలేదు.

పాడెను నలుగురు మోశారు. నేను రవ్వంత ఎడంగా నడిచాను.

మొన్న ఆదివారం గరిటె తెచ్చి, పలుకులు మళ్లీ కాల్చి, రెండేళ్ల కిందట తప్పు చెప్పానని చెప్పాను. మైల లేదు, నెమలి అన్నాను. సారుతో బొంకిన సంగతి కూడా దాచలేదు. గొంతు చిన్నగా వచ్చింది. ముందువరసకే వినిపించిందేమో. అందరూ వెళ్లాక మగ్గం ఆయన దగ్గరికొచ్చాడు.

"అన్నా, నేను ఆ పొద్దు యాడో ఎనక నిలబడినా. గరిటెలో ఏముందో నాకేం కనపడింది?" అన్నాడు. నా పక్కన పెట్టుకున్న నీళ్లసీసా తీసి నా చేతికిచ్చి వెళ్లిపోయాడు.

ఆ నీళ్లు పొడిమీద పోసి చూపాలనే తెచ్చుకున్నాను. పోయడానికి చెయ్యి లేవలేదు. గరిటె అట్లాగే ఇంటికి తెచ్చి, పిల్లలకు అందకుండా పై కిటికీలో పెట్టాను. నీళ్లు పోయకున్నా గాలిలో తేమ తీసుకుంటుందని సారు ఒకసారి చెప్పారు. నిదానంగా. మన ఊర్ల పొడి గాలికి ఇంకా నిదానమట.

ఈ పొద్దున చూశాను. అంచు వెంట వెంట్రుకంత నీలం వచ్చింది. నడుమ ఇంకా తెల్లగానే ఉంది.