మోటార్లు ఆపించిన పూట

పాప పుట్టాక మా ఆవిడ కొన్నాళ్లు పుట్టింట్లోనే ఉంది. వాళ్లది కలిదిండి పక్క పల్లెటూరు. ఎలాగూ ఇంటి నుంచే ఆఫీసు పని కదా అని, నేనూ తాడేపల్లిగూడెం నుంచి లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని అక్కడికే చేరాను.

మంచినీళ్లు అడిగితే మజ్జిగ తెచ్చే ఇల్లది. మా మావగారు నాకంటే అంత పెద్దవారైనా నన్ను మీరు అనే పిలుస్తారు. నేను పనిలో ఉంటే గది గడప దాటి లోపలికి రారు. మొదట్లో మొహమాటంగా ఉండేది. తర్వాత ఇదేదో నా హక్కన్నట్టు బాగానే అలవాటుపడ్డాను.

ఇంటి వెనకే వాళ్ల రొయ్యల చెరువులు, రెండు. నీళ్లను చిలికి రొయ్యకి గాలి అందించే ఏరియేటర్లు వాటిలో ఎప్పుడూ తిరుగుతుంటాయి. వాటి మోటార్లు వేసినప్పుడల్లా ఇంట్లో ట్యూబులైటు ఒకసారి మినుకుమంటుంది. ఆ మినుకే నా కొంప ముంచింది. నా కొంప అంటున్నాను గానీ, మునిగింది వాళ్లది.

ఆ రోజు పొద్దున్నే ముసురు పట్టింది. మధ్యాహ్నం మీటింగులోపు ఆఫీసు సర్వర్లో ఉన్న ఒక ఫైలు కావాలి. ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి దారి ఇచ్చే వీపీఎన్ కలిసిందని తెర మీద పచ్చగా కనబడుతోంది. కానీ నెట్‌వర్క్ అని నొక్కితే ఏమీ లేదు. ఆఫీసులో అయితే అక్కడ కంప్యూటర్ల పేర్లన్నీ వరసగా వస్తాయి. ఇక్కడ నా లాప్‌టాప్ ఒక్కటే దిక్కులేనిదానిలా కూర్చుంది. వీపీఎన్ తీసి మళ్లీ కలిపాను. లాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాను. రౌటరును కాసేపు బతిమాలాను, కాసేపు తిట్టాను. అప్పుడే చెరువులో ఇంకో మోటారు వేసినట్టున్నారు, నెత్తి మీద లైటు మినుకుమంది. దొరికింది దొంగ అనుకున్నాను.

"మావయ్య గారూ, ఆ మోటార్లు కాసేపు ఆపిస్తారా? కరెంటు ఎగుడుదిగుడు అవుతున్నట్టుంది, నెట్టు అందట్లేదు" అన్నాను, తెర మీంచి తలెత్తకుండానే.

ఆయన గుమ్మంలోంచి వెనక్కి తిరిగి ఆకాశం వంక చూశారు. ఎండ లేని పూట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుందనీ, మోటార్లు ఆపకూడనిది అలాంటప్పుడేననీ ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొడుకు అడిగి ఉంటే నాలుగు తిట్టి పంపేవారు. అడిగింది అల్లుడు.

"కాసేపే కదండీ. ఆపిస్తాను" అన్నారు.

రొద ఆగింది. తెర మీద నెట్‌వర్క్ జాబితాలో మాత్రం కొత్త పేరేదీ రాలేదు. ఆఫీసులో నెట్‌వర్కు చూసే అమ్మాయికి ఫోన్ చేశాను. ఆమె ఒక్కొక్కటే అడుగుతోంది, నేను చెబుతున్నాను. మధ్యలో మావగారు గుమ్మం దగ్గరికి వచ్చారు. ఒక్క నిమిషం అన్నట్టు చెయ్యెత్తాను. వెళ్లిపోయారు. మళ్లీ వచ్చారు. మళ్లీ చెయ్యెత్తాను. ఆ చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

"అక్కడ వెతికితే కనబడవండీ" అంది చివరికి ఆ అమ్మాయి. ఆఫీసు కంప్యూటర్లు ఒకే వీధి ఇళ్లలాంటివట. ఒకటి కేకేస్తే మిగతావి పలుకుతాయి. ఆ కేక మా వీపీఎన్ దాటి ఇవతలికి రాదు. వెతకడం మానేసి సర్వర్ అడ్రసు అంకెలు నేరుగా కొట్టాలి, అంతే. ఆమె చెప్పింది, నేను కొట్టాను. ఫోల్డరు తెరుచుకుంది. నెట్టుకి ఏ జబ్బూ లేదు. మోటార్ల తప్పు అసలే లేదు.

ఫోన్ పెట్టేసేసరికి గట్టు మీంచి కాపలా మనిషి అరుపు వినబడింది. "రొయ్య తేలిపోతందండీ."

మావగారు పరిగెత్తడం అదే మొదటిసారి చూశాను. మోటార్లు వేశారు గానీ, ఎదిగిన రొయ్య ఉన్న చెరువు చచ్చి తేలిన రొయ్యతో అప్పటికే తెల్లబడింది. రెండోదాంట్లో పిల్ల చిన్నది కాబట్టి తట్టుకుంది. సాయంత్రందాకా వలలు, ఐసు, లారీ. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ, "ఇంతకీ ఫైలు దొరికిందా?" అంది. దొరికిందన్నాను.

"పోన్లెండి, మోటార్లు ఆపబట్టి మీ పనన్నా అయ్యింది" అన్నారు మావగారు. ఆ మాటతో ఆయన తనకు తానే సర్దిచెప్పుకుంటున్నారని నాకు తెలుస్తూనే ఉంది. నోరు తెరిచి నిజం చెప్పాల్సింది అప్పుడే. తెరిచాను, ముద్ద పెట్టుకోవడానికి. అత్తగారు రొయ్యల వేపుడు మరికాస్త వడ్డించారు. వద్దనలేక, మింగలేక, అదీ తిన్నాను.

మర్నాడూ ముసురే. లాప్‌టాప్ తెరిచి అంకెలు కొట్టాను, ఫైలు వచ్చింది. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందేమిటా అనుకుంటుండగా మావగారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"రెండో చెరువువి ఆపించేశానండీ. మీ పనయ్యాక ఒక్క మాట చెబితే వేయిస్తాను."

కుర్చీ వెనక్కి పడేలా లేచాను. "వేయించెయ్యండి మావయ్య గారూ, ఇప్పుడే వేయించెయ్యండి. మోటార్లకీ దీనికీ ఏ సంబంధం లేదండీ. నాకే తెలియక అన్నాను."

ఆయన గుమ్మంలోంచే కాపలా మనిషికి కేకేశారు. రొద మొదలైంది. ట్యూబులైటు మినుకుమని మళ్లీ వెలిగింది. ఇద్దరం తెర వంక చూశాం. ఫైలు ఎక్కడిది అక్కడే ఉంది.

"నిన్న కూడా ఇంతేనా అండీ?" అన్నారు.

"ఇంతేనండీ."

ఆయన ఇంకాసేపు ఆ తెరనే చూశారు. తర్వాత, అల్లుడు గారికి కాఫీ పట్రమ్మని లోపలికి చెప్పి, చెరువు వైపు వెళ్లిపోయారు.